కార్డుకి మతిమరుపు, పద్దు రాయాల్సింది డ్రైవరే

ఒక సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) వెళ్ళడం లేదు. పింగ్ వెళ్తోంది, వెబ్ పేజీ ఓపెన్ అవుతోంది, ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్ట్ ఒక్కటే మూగబోయింది. కన్సోల్ మీద కూర్చుని చూస్తే ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు నడుస్తూనే ఉంది, లైనక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో ఒక్క రూల్ కూడా లేదు, వచ్చే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ పెడితే అసలు 22కి ప్యాకెట్ వచ్చిన జాడే లేదు. ఇక తప్పు స్విచ్ వాళ్ళదే అని తేల్చేస్తారు. వాళ్ళేమో తమ పోర్టులో పోయే ట్రాఫిక్‌ని కాపీ తీసి (మిర్రర్ చేసి) మరీ "మేం పంపుతూనే ఉన్నాం, పోతోంది మీ దగ్గరే" అంటారు. సగం రోజు ఇలా గొడవ పడ్డాక ఎవరికో నెట్‌వర్క్ కార్డు సెట్టింగ్స్ చూసే ఈథ్‌టూల్ కమాండ్‌లో చిన్న ఎన్ ఆప్షన్ గుర్తొస్తుంది. కొట్టగానే ఒకే ఒక్క రూల్ బయటపడుతుంది: ఫిల్టర్ నంబర్ 2045, టీసీపీ, డెస్టినేషన్ పోర్ట్ 22, యాక్షన్ డ్రాప్. పొద్దున ఎవరో టెస్టింగ్ కోసం పక్క సర్వర్‌లో పెట్టాల్సిన రూల్‌ని ఇక్కడ పెట్టారు, తను లాగిన్ అయింది వేరే మేనేజ్‌మెంట్ పోర్ట్‌లోంచి కాబట్టి తేడా కూడా తెలియలేదు.

ఈ రూల్ టీసీపీడంప్‌కి దొరకదు, ఐపీటేబుల్స్‌కి తెలియదు. ఎందుకంటే ప్యాకెట్ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ అయిన కెర్నల్ దాకా రానే లేదు, నెట్‌వర్క్ కార్డులోని చిప్ దాన్ని గుమ్మంలోనే పారేసింది. హార్డ్‌వేర్ ఫిల్టరింగ్ అంటే ఇదే. దీని బలమూ ఇదే, తలనొప్పీ ఇదే.

అసలు కార్డులోనే ఆపాల్సిన అవసరం ఏంటంటే, లెక్క చూస్తే అర్థమవుతుంది. 10 గిగాబిట్ లింక్ మీద అతి చిన్న ప్యాకెట్లు వరసగా వస్తే సెకనుకి 1 కోటి 48 లక్షల పైచిలుకు వస్తాయి, అంటే ఒక్కోదానికి 67.2 నానోసెకన్లు. ప్రాసెసర్ మెయిన్ మెమరీ దాకా ఒకసారి వెళ్ళొచ్చేసరికే దాదాపు ఆ టైం అయిపోతుంది. వరదలా వచ్చి పడే చెత్త ట్రాఫిక్‌ని ఒక్కొక్కటిగా మెమరీలోకి తెచ్చుకుని, చూసి, అప్పుడు పారేయడం అంటే ఊళ్ళో చెత్తంతా ఇంట్లోకి మోసుకొచ్చి ఏరి బయట పడేసినట్టే. పారేయడమే కాదు, ఫలానా ట్రాఫిక్ ఫలానా క్యూకే (వచ్చిన ప్యాకెట్లు నిలబడే వరస) రావాలి అని తిప్పడానికీ ఇవే రూల్స్ వాడతారు. ఒక క్యూని ఒక ప్రోగ్రాంకి పూర్తిగా అప్పజెప్పే ఏఎఫ్ ఎక్స్‌డీపీ లాంటి వాటికి ఇది లేకపోతే చాలాసార్లు పని జరగదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి కొత్త కార్డుల కంటే పాతదైన ఇంటెల్ 82599 మేలు. 2009 నాటి 10 గిగాబిట్ చిప్, లైనక్స్‌లో దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, ఐఎక్స్‌జీబీఈ, ఫిల్టరింగ్ భాగానికి ఇంటెల్ పెట్టిన పేరు ఫ్లో డైరెక్టర్. కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, పైగా ఈ రంగంలో డ్రైవర్ రాసేవాళ్ళకి ఎదురయ్యే ఇబ్బందుల్లో సగానికి పైగా ఈ ఒక్క చిప్‌లోనే కనిపిస్తాయి.

రూల్ పై నుంచి కింద దాకా ఎలా దిగుతుందో చూద్దాం. ఈథ్‌టూల్‌కి పెద్ద ఎన్ ఆప్షన్ ఇచ్చి టీసీపీ, పోర్ట్ 22, యాక్షన్ మైనస్ 1 అంటారు. ఆ మైనస్ 1 ఎక్కడిది? కెర్నల్‌కి వెళ్ళే స్ట్రక్చర్‌లో యాక్షన్ అనేది 64 బిట్ల సంఖ్య. కింది 32 బిట్లు క్యూ నంబర్, దాని పైన 8 బిట్లు వర్చువల్ ఫంక్షన్ (ఒకే కార్డుని వర్చువల్ మెషీన్లకి పంచే ముక్క) నంబర్, మొత్తం 64 బిట్లూ ఒకట్లైతే "పారేయ్" అని అర్థం. అన్నీ ఒకట్లంటే మైనస్ 1 కదా, అదీ సంగతి. ఐఎక్స్‌జీబీఈ దాన్ని మళ్ళీ తన సొంత భాషలోకి మార్చుకుని 127వ క్యూ అని గుర్తు పెట్టుకుంటుంది, చిప్‌లోకి రాసేటప్పుడు ఆ 127ని చూసి డ్రాప్ బిట్ వేస్తుంది. ఒకే మాట మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుందన్నమాట.

మాస్క్, అంటే అడ్రస్‌లో ఏ బిట్లు పోల్చాలో చెప్పే సంఖ్య, దాని సంగతి ఇంకా తమాషా. కమాండ్ లైన్‌లో 192.168.1.0కి మాస్క్ 0.0.0.255 అని ఇస్తే "చివరి బైట్ పట్టించుకోకు" అని. ఈథ్‌టూల్ దాన్ని తిరగేసి కెర్నల్‌కి 255.255.255.0గా పంపుతుంది, అక్కడ 1 అంటే "ఈ బిట్ పోల్చు". లిస్ట్ చూపించేటప్పుడు మళ్ళీ తిరగేస్తుంది, అందుకే ఒకే ఒక్క అడ్రస్‌కి పెట్టిన రూల్ పక్కన మాస్క్ 0.0.0.0 అని కనపడి కొత్తవాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది. ఇది ఎవరో కావాలని చేసింది కాదనుకోవచ్చు గానీ, రౌటింగ్‌లో మాస్క్‌లు ఒక రకంగా నేర్చుకున్న మనిషికి ఇక్కడ ఉల్టాగా పెట్టడం మాత్రం మంచి ఐడియా కాదు.

ఇప్పుడు 2045 ఎక్కడి నుంచి వచ్చింది? రూల్ పెట్టిన మనిషి ఆ నంబర్ ఇవ్వలేదు, పెట్టింది మొదటి రూల్, మరి సున్నానో ఒకటో రావాలి కదా. 82599లో రూల్స్‌కి వేరే మెమరీ లేదు. వచ్చే ప్యాకెట్లని కాసేపు ఆపి ఉంచే 512 కిలోబైట్ల బఫర్ ఉంటుంది, అందులోంచే ఒక ముక్క కోసి ఫ్లో డైరెక్టర్‌కి ఇస్తారు. 64 కిలోబైట్లు ఇస్తే 2 వేల చిల్లర రూల్స్, 128 ఇస్తే 4 వేలు, 256 ఇస్తే 8 వేలు. రూల్స్ ఎక్కువ కావాలంటే ప్యాకెట్లకి జాగా తగ్గుతుంది, ఒక్కసారిగా ట్రాఫిక్ పొంగినప్పుడు ఆ తగ్గిన జాగా తెలుస్తుంది. లైనక్స్ డ్రైవర్ మామూలుగా 64 దగ్గరే ఉంటుంది: 2048, అందులో రెండు తీసేస్తే 2046 స్థానాలు, సున్నా నుంచి లెక్కపెడితే చివరిది 2045. నంబర్ ఇవ్వకపోతే ఈథ్‌టూలే డ్రైవర్‌ని అడిగి జాబితా తెచ్చుకుని, ఖాళీగా ఉన్నవాటిలో అన్నిటికంటే కింది ప్రాధాన్యం ఉన్న చోటు, అంటే చివరిది, ఎంచుకుంటుంది.

నిజానికి 82599లో ఆ స్థానం నంబర్‌కి ప్రాధాన్యంతో సంబంధం పెద్దగా లేదు, ఎందుకంటే ఇది పైనుంచి కిందికి వరసగా చూసే పట్టిక కాదు. ప్యాకెట్‌లోని అడ్రస్‌లు, పోర్టులు తీసుకుని, వాటికి మాస్క్ వేసి, హాష్ కట్టి (అంటే అన్నిటినీ కలిపి ఒక చిన్న సంఖ్యగా కుదించి), ఆ సంఖ్య చూపించే బకెట్‌లో గొలుసులా ఉన్న రూల్స్‌తో పోల్చుతుంది. ఈ పోల్చడం రెండు రకాలు. ఒకటి సిగ్నేచర్ మోడ్, ఇందులో పూర్తి అడ్రస్‌లు దాచుకోదు, వాటి నుంచి తీసిన పొట్టి గుర్తు ఒక్కటే దాచుకుంటుంది. రెండు వేర్వేరు కనెక్షన్లకి ఒకే గుర్తు పడొచ్చు. ఈ మోడ్‌లో డ్రైవర్ బయటికి వెళ్ళే టీసీపీ ప్యాకెట్లలో సుమారు 20కి ఒకటి చొప్పున చూసి, "ఈ కనెక్షన్ ఈ ప్రాసెసర్ మీద నడుస్తోంది, జవాబులు కూడా అక్కడికే పంపు" అని తనంతట తనే చిప్‌కి నేర్పుతుంది. గుర్తు పొరపాటు పడితే ప్యాకెట్ వేరే క్యూకి పోతుంది, కాస్త స్పీడ్ తగ్గుతుంది, అంతే. (ఈ ఆటోమేటిక్ తిప్పుడు వల్ల ఒకే కనెక్షన్ ప్యాకెట్లు వెనకాముందు అవుతాయని ఫెర్మీలాబ్ పరిశోధకులు 2011లోనే చూపించారు, అది వేరే కథ.) రెండోది పర్ఫెక్ట్ మోడ్, ఇక్కడ మాస్క్ వదిలేసినవి తప్ప అన్ని ఫీల్డులూ పూర్తిగా పోల్చాల్సిందే. పారేసే రూల్‌కి పొట్టి గుర్తు చాలదు, పొరపాటున పక్కవాడి ట్రాఫిక్ పారేస్తే అడిగే నాథుడు ఉండడు. అందుకే ఈ రూల్స్ పెట్టనిచ్చే ఎన్‌టపుల్ ఫీచర్ ఆన్ చేయగానే డ్రైవర్ ఆటోమేటిక్ నేర్పుడు ఆపేసి, చిప్‌ని రీసెట్ చేసి, పర్ఫెక్ట్ మోడ్‌లోకి మారుతుంది. ఒక్క స్విచ్ నొక్కితే లింక్ ఒక్క క్షణం పడి లేవడం ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇక అందరూ తిట్టుకునే పరిమితి: పోర్ట్ మొత్తానికి ఒకటే మాస్క్. 192.168.1 నెట్‌వర్క్ మొత్తాన్ని ఆపమని ఒక రూల్ పెట్టి, తర్వాత 10.0.0.5 అనే ఒక్క మెషీన్‌ని ఆపమంటే రెండోది ఎక్కదు. స్క్రీన్ మీద వచ్చేది "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్" ఒక్కటే, అసలు కారణం కెర్నల్ లాగ్‌లో ఉంటుంది. చాలామంది దీన్ని డ్రైవర్ బగ్ అనుకుంటారు. కాదు, ఇది హాష్‌కి పుట్టుకతో వచ్చిన గుణం. మాస్క్ వేశాకే హాష్ కడుతుంది కాబట్టి, రెండు మాస్క్‌లు ఉంటే ప్రతి ప్యాకెట్‌కి రెండు హాష్‌లు కట్టి రెండు చోట్ల వెతకాలి, పది ఉంటే పది చోట్ల. ఓపెన్ విస్విచ్ అనే సాఫ్ట్‌వేర్ స్విచ్ సరిగ్గా అదే చేస్తుంది, మాస్క్‌కి ఒక హాష్ టేబుల్ పెట్టుకుని ఒక్కోటీ వెతుకుతుంది, దానికి ప్రాసెసర్ టైం ఖర్చవుతుంది. 67 నానోసెకన్ల గీతలో కూర్చున్న చిప్‌కి ఆ దర్జా లేదు. ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు), స్పీడ్ ఎన్ని మార్చినా ఇది మారదు, ఉన్న రూల్స్ అన్నీ తీసేసి జాబితా ఖాళీ అయినప్పుడే కొత్త మాస్క్ ఒప్పుకుంటుంది.

ఇక్కడ డ్రైవర్ రాసేవాడి ముందు ఒక టెంప్టేషన్ ఉంటుంది. రెండో రూల్‌ని వద్దనకుండా, ఉన్న మాస్క్‌కే సర్దేసి, 10.0.0.5 బదులు 10.0.0 మొత్తానికి వేసేస్తే యూజర్‌కి ఎర్రర్ రాదు, అందరూ హ్యాపీ. ఒక 250 మెషీన్ల ట్రాఫిక్ మాయమయ్యే దాకా. ఐఎక్స్‌జీబీఈ ఆ పని చేయదు, చేతకాకపోతే చేతకాదని మొహం మీదే చెప్తుంది, అదే సరైన పద్ధతి. కాకపోతే చెప్పే తీరు బాగాలేదు. పాత ఈథ్‌టూల్ దారిలో డ్రైవర్ వెనక్కి పంపగలిగింది ఒక ఎర్రర్ నంబర్ మాత్రమే. "జాగా లేదు", "ఈ ఫీల్డ్ నాకు రాదు", "మాస్క్ కలవలేదు", ఈ మూడూ యూజర్‌కి వేర్వేరు సమస్యలు, మూడింటికీ చేయాల్సిన పని వేరు. టీసీ (లైనక్స్ ట్రాఫిక్ కంట్రోల్) లాంటి కొత్త దారుల్లో ఎర్రర్‌తో పాటు ఒక వాక్యం కూడా పంపే వీలుంది, ఆ వాక్యం రాయడానికి బద్ధకించే డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నాయి.

అసలు విషయం పద్దు. ఈథ్‌టూల్ లిస్ట్ అడిగితే డ్రైవర్ చిప్‌ని అడగదు. డ్రైవర్ దగ్గర మెమరీలో స్థానం నంబర్ల వరసలో ఒక లింక్డ్ లిస్ట్ ఉంటుంది, ఒకేసారి ఇద్దరు దాన్ని మార్చకుండా ఒక స్పిన్‌లాక్ ఉంటుంది, చూపించేది ఆ లిస్ట్. అంటే స్క్రీన్ మీద కనపడేది గోదాములోని సరుకు కాదు, గుమాస్తా రాసుకున్న పుస్తకం. రెండూ కలిసినంత కాలం ఎవరికీ టెన్షన్ లేదు. డ్రైవర్ పని రూల్‌ని చిప్‌లోని నాలుగు రిజిస్టర్లలోకి తోయడమే అనుకుంటారు గానీ అది ఒక మధ్యాహ్నం పని, ఈ రెండింటినీ ఎప్పుడూ కలిపి ఉంచడమే మిగతా ఏడాదంతా పట్టే పని.

ఎందుకంటే చిప్‌కి మతిమరుపు. రీసెట్ అయిందంటే అన్నీ మర్చిపోతుంది. రీసెట్ అంటే ఎప్పుడో వచ్చే ప్రమాదం కాదు, ఎంటీయూ మార్చినా, పంపే క్యూ ఇరుక్కుపోయి వాచ్‌డాగ్ టైమర్ మోగినా రీసెట్టే. ఐఎక్స్‌జీబీఈ ప్రతి రీసెట్ తర్వాత పుస్తకం తీసి, ముందు మాస్క్ రాసి, తర్వాత రూల్స్ ఒక్కొక్కటీ మళ్ళీ చిప్‌లోకి ఎక్కిస్తుంది. అది కూడా ప్యాకెట్లు తీసుకునే తలుపు తెరవకముందే, లేకపోతే ఆ కాస్త సందులో ఆపాల్సిన ట్రాఫిక్ లోపలికి దూరుతుంది. కొత్త డ్రైవర్లలో తరచూ తప్పిపోయేది ఇదే: మొదటి రోజు టెస్ట్‌లో అన్నీ పాస్, ఎంటీయూ మార్చిన రోజు లిస్ట్‌లో రూల్స్ కనిపిస్తాయి, చిప్‌లో ఉండవు.

ఐఎక్స్‌జీబీఈలో కూడా ఒక చిన్న సందు ఉంది. రూల్ చెప్పిన క్యూ నంబర్, రీసెట్ అయ్యాక ఉన్న క్యూల సంఖ్యని మించిందనుకోండి, లేని క్యూకి పంపితే ఇంకా పెద్ద గొడవ కాబట్టి డ్రైవర్ ఆ రూల్‌ని వదిలేసి లాగ్‌లో ఒక ఎర్రర్ రాసి ముందుకెళ్తుంది. బాగానే ఉంది, కానీ పుస్తకంలోంచి కొట్టేయదు. పద్దులో ఉంది, గోదాములో లేదు. లాగ్ చూడని మనిషికి ఈ సంగతి తెలిసే దారే లేదు.

రూల్ పెట్టేటప్పుడు ముందు చిప్‌లో రాసి, అది ఒప్పుకున్నాకే పుస్తకంలోకి ఎక్కించాలి. ముందే పుస్తకంలో రాసి తర్వాత చిప్ కాదంటే, దాన్ని వెనక్కి తీయడం మర్చిపోయే కోడ్ ఎక్కడో ఒకచోట తప్పకుండా ఉంటుంది. ఇదంతా లాక్ పట్టుకునే జరగాలి, లేదంటే ఇద్దరు ఒకేసారి రెండు మాస్క్‌లతో వచ్చి, ఇద్దరికీ జాబితా ఖాళీగా కనిపించి, ఇద్దరూ తమ మాస్క్ రాసేస్తారు.

లాక్ అనగానే మ్యాక్ అడ్రస్ (కార్డు హార్డ్‌వేర్ అడ్రస్) ఫిల్టర్ల సంగతి చెప్పుకోవాలి. ఇవి కూడా హార్డ్‌వేర్ ఫిల్టర్లే, కాకపోతే వీటిని మార్చమని కెర్నల్ అడిగేటప్పుడు ఒక లాక్ పట్టుకుని ఉంటుంది, ఆ టైంలో డ్రైవర్ నిద్రపోకూడదు. ఇంటెల్ 40 గిగాబిట్ కార్డుల్లో ఫిల్టర్ పెట్టాలంటే కార్డు లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌కి ఆర్డర్ పంపి జవాబు కోసం ఆగాలి, ఆగడం అంటే నిద్రే. అందుకే దాని డ్రైవర్ ఐ40ఈ, అడిగిన వెంటనే ఏమీ చేయదు, పుస్తకంలో ఆ అడ్రస్ పక్కన "కొత్తది" అనో "తీసేయాలి" అనో గుర్తు పెట్టుకుని సరేనంటుంది. తర్వాత తీరిగ్గా వేరే పనిలో ఫర్మ్‌వేర్‌తో మాట్లాడి, అయ్యాక "పని చేస్తోంది" అనో "ఫెయిల్" అనో మారుస్తుంది. పద్దుకీ గోదాముకీ మధ్య తేడా ఉందని ఒప్పేసుకుని, ఆ తేడానే నాలుగు స్థితులుగా రాసుకోవడం. ఐఎక్స్‌జీబీఈ కంటే ఇది నిజాయితీ ఉన్న డిజైన్ అనిపిస్తుంది, రాయడం మాత్రం నరకం.

మ్యాక్ ఫిల్టర్లలో జాగా నిండిపోతే ఐ40ఈ ఇంకో పని చేస్తుంది: కార్డుని ప్రామిస్క్యువస్ మోడ్‌లోకి తోసి, వచ్చినవన్నీ తీసుకుని, ఏరుకునే పని కెర్నల్‌కి వదిలేస్తుంది. స్పీడ్ తగ్గినా కావాల్సిన ప్యాకెట్ పోదు. గుడ్డిలో మెల్ల. పారేసే రూల్స్‌కి ఈ వైద్యం పనికిరాదు. అక్కడ జాగా లేకపోతే లేదని చెప్పడమే దారి. ఫిల్టర్ నిండినప్పుడు తలుపు తెరవాలా మూయాలా అన్నది ఆ ఫిల్టర్ దేనికోసం పెట్టారన్న దాన్ని బట్టే ఉంటుంది, రెండింటికీ ఒకే హెల్పర్ ఫంక్షన్ రాసి చేతులు దులుపుకోవడం కుదరదు.

పెద్ద స్విచ్ చిప్‌ల్లో టీక్యామ్ అనే ప్రత్యేక మెమరీ ఉంటుంది, అందులో ప్రతి రూల్‌కి సొంత మాస్క్, అన్నిటినీ ఒకే దెబ్బకి పోల్చడం, పై స్థానంలో ఉన్నది గెలవడం. ఒకే మాస్క్ బాధ లేదు గానీ కొత్త బాధ: మధ్య ప్రాధాన్యంతో ఒక రూల్ దూర్చాలంటే కింద ఉన్నవాటిని జరపాలి, జరిపేటప్పుడు కూడా ట్రాఫిక్ ఆగకూడదు. లైనక్స్‌లో దీనికోసం పార్‌మ్యాన్ అనే చిన్న లైబ్రరీయే ఉంది, 2017లో వచ్చింది, కనీసం ఎన్ని జరిపితే సరిపోతుందో అది చూసుకుంటుంది.

టీసీలో ఫ్లవర్ అనే క్లాసిఫైయర్ (ప్యాకెట్లని రకాలుగా ఏరే భాగం) 2015లో కెర్నల్ 4.2తో వచ్చింది, ఆ తర్వాత హార్డ్‌వేర్‌కి దింపే వీలూ వచ్చింది. ఇందులో మామూలుగా రూల్ పెడితే కార్డు ఒప్పుకుంటే కార్డులో, ఒప్పుకోకపోతే చప్పుడు చేయకుండా సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తుంది. రూల్ పక్కన "ఇన్ హార్డ్‌వేర్" అని ఉందో లేదో చూసుకోకపోతే, కార్డే పారేస్తోందని నమ్మి కూర్చుంటారు, వరద వచ్చిన రోజు ప్రాసెసర్ నూటికి నూరు శాతం అయ్యాక తెలుస్తుంది. స్కిప్ సాఫ్ట్‌వేర్ ఆప్షన్ ఇస్తే కార్డు కాదన్నప్పుడు అప్పటికప్పుడే ఎర్రర్ వస్తుంది. పారేసే రూల్స్‌కి అది ఇవ్వడమే మంచిది. 2019లో కెర్నల్ 5.1 నుంచి టీసీ రూల్స్‌కీ, ఈథ్‌టూల్ రూల్స్‌కీ ఒకే అంతర్గత రూపం ఇచ్చారు, డ్రైవర్ రెండు భాషలకి రెండు పార్సర్లు రాసుకునే బాధ కొంత తగ్గింది.

రూల్ ఎక్కినా పట్టుకోనివి కొన్ని ఉంటాయి. పెద్ద యూడీపీ ప్యాకెట్ ముక్కలైతే పోర్ట్ నంబర్ మొదటి ముక్కలోనే ఉంటుంది, మిగతా ముక్కలకి పోర్ట్ రూల్ తగలదు. 82599 పర్ఫెక్ట్ ఫిల్టర్లకి ఐపీవీ6 రాదు, కాబట్టి 22 మూశామనుకున్నా ఐపీవీ6 మీద తెరిచే ఉంటుంది. ఏ రూల్ ఎన్నిసార్లు తగిలిందో కూడా ఈ డ్రైవర్ చెప్పదు, ఈథ్‌టూల్ స్టాటిస్టిక్స్‌లో ఎఫ్‌డిర్ (ఫ్లో డైరెక్టర్) మ్యాచ్, ఎఫ్‌డిర్ మిస్ అని మొత్తానికి కలిపి రెండు అంకెలు మాత్రం కనపడతాయి. అయినా అవి చూడటం మంచి అలవాటు: కొత్త రూల్ పెట్టాక మ్యాచ్ పెరగకపోతే మాస్క్ తిరగబడిందేమో చూడాలి.

మళ్ళీ ఆ సర్వర్ దగ్గరికి వస్తే, రూల్‌ని కనిపెట్టడం వాళ్ళ అదృష్టం. ఐఎక్స్‌జీబీఈ రీసెట్‌లో రూల్స్ కాపాడుతుంది గానీ, ఇంటర్‌ఫేస్‌ని పూర్తిగా డౌన్ చేస్తే పుస్తకం మొత్తం చింపేస్తుంది. విసుగొచ్చి ఎవరైనా ఒకసారి డౌన్ చేసి అప్ చేసి ఉంటే 2045 మాయమయ్యేది, ఎస్‌ఎస్‌హెచ్ వచ్చేసేది, రిపోర్ట్‌లో "కేబుల్ లూజ్" అని రాసి టికెట్ క్లోజ్ చేసేవారు.